పాత సైనిక ట్రైలర్‌ను క్యాంపింగ్‌కు సిద్ధం చేయడం ఎలా?

వేలంలో కొన్న అమెరికా సైన్యపు ఎం416 ట్రైలర్‌ను కొండదారుల్లో క్యాంపింగ్‌కు మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. చాలామంది రంగుతో మొదలుపెడతారు. నన్నడిగితే అది చివరి పని.

ముందు చక్రాలు విప్పండి. ఏళ్ల తరబడి కదలని ట్రైలర్‌లో బేరింగుల గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటుంది. దాన్ని పూర్తిగా కడిగేసి, రోలర్లను వెలుతురులో తిప్పి చూడండి. సన్నని గుంటలు గానీ నీలి మచ్చలు గానీ కనిపిస్తే మార్చాల్సిందే. సీళ్లు ఎలాగూ కొత్తవే వేయాలి. తర్వాత ఛాసిస్‌ను, ముఖ్యంగా స్ప్రింగు పట్టీలు బిగించిన చోట, సుత్తితో తట్టండి. మోత మొద్దుగా వస్తే లోపల తుప్పు తినేసిందేమో అనుమానించాలి.

లైట్లు 24 వోల్టులవి, మామూలు బండ్లు 12 వోల్టులవి. కాబట్టి ఎల్‌ఈడీ లైట్లు పెట్టి వైరింగ్ మొత్తం కొత్తగా వేయడమే నయం. బండి కొక్కేనికి తగిలించే ముందరి ఇనుప రింగును మాత్రం తీసేయకండి. దడదడలాడుతుంది, నిజమే, కానీ గుంతల్లో ట్రైలర్ ఒరిగినా బండిని మెలిపెట్టదు. చక్రాలకు 5 బోల్టులు, అవి 5.5 అంగుళాల వ్యాసమున్న వలయంలో ఉంటాయి. పాత జీప్ సీజే మోడల్‌దీ అదే అమరిక, ఆ బండి ఉంటే ఒకే స్టెప్నీ చాలు.

దీని సామర్థ్యం అమెరికా లెక్కలో పావు టన్ను, అంటే సుమారు 227 కిలోలే. పైన గుడారం, నీళ్ల ట్యాంకు, బ్యాటరీ చేరిస్తే ఇట్టే దాటిపోతుంది. నీళ్లను ఇరుసుకు కాస్త ముందు, వీలైనంత కింద ఉంచండి. మొత్తం బరువులో 10-15 శాతం కొక్కెం మీద పడాలి. పాత రంగులో సీసం ఉండవచ్చు, గీకేటప్పుడు మాస్కు తప్పదు.