అమ్మమ్మ రాత్రి డ్యూటీకి బయలుదేరుతున్నారు

ప్రశ్న: మాది హనుమకొండ. నాన్నకు గోదావరిఖనిలో సింగరేణి ఉద్యోగం కావడంతో నన్ను చిన్నప్పటి నుంచి అమ్మమ్మే పెంచారు. ఆమె ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి, తరువాత నర్సింగ్ విద్యార్థినులకు పాఠాలు చెప్పి 1999లో రిటైరయ్యారు. ఇప్పుడు 84 ఏళ్లు. ఏడాదిగా మతిమరుపు ఎక్కువైంది. రాత్రి తొమ్మిది కాగానే తెల్లచీర కట్టుకుని, డ్యూటీకి ఆలస్యమవుతోందని తలుపు తీస్తున్నారు. ‘రిటైరై పాతికేళ్లయింది’ అని మామయ్య గట్టిగా అంటే ఏడుస్తున్నారు. ఆశ్రమంలో చేర్పిద్దామంటున్నారు మామయ్య. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి నేనే వచ్చి చూసుకోవాలా? నాకు జ్వరమొస్తే ఇప్పటికీ గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెడతారు. అలాంటి మనిషిని ఎలా వదిలేయను?

జవాబు: ఆ నాడి పట్టుకునే చెయ్యి సంగతి రాశారు చూడండి, మీకు దారి అక్కడే ఉందమ్మా. నిన్నటి సంగతులు ముందుగా జారిపోతాయి. ఏళ్ల తరబడి చేసిన పని చాలాకాలం నిలుస్తుంది. ఆమె తలుపు తీయడం మొండితనం కాదు. వార్డులో తన కోసం ఎవరో ఎదురుచూస్తున్నారన్న ఆరాటం. రిటైరయ్యారని చెప్పిన ప్రతిసారీ ఆ మాట ఆమెకు కొత్తగానే తగులుతుంది. అందుకే ఏడుపు.

ముందు డాక్టరుకు చూపించండి. వయసు మీద పడిందిలే అని వదిలేయకండి. థైరాయిడ్, బి12 లోపం, రక్తంలో సోడియం తగ్గడం, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా పెద్దవాళ్లను ఇలా తికమక పెడతాయి. సరిచేస్తే తేరుకునేవాళ్లున్నారు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి గానీ, నరాల వైద్యుడి దగ్గరకు గానీ తీసుకెళ్లండి. వేసుకుంటున్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని మరీ వెళ్లండి. జలుబుకు, నిద్రకు దుకాణంలో అడిగి తెచ్చే కొన్ని మాత్రలు ఈ వయసులో మతిమరుపును ఇంకా పెంచుతాయి.

ఇక రాత్రి సంగతి. పొద్దు గూకే వేళకు ఇలాంటివారిలో కంగారు ఎక్కువవుతుంది. చీకటి పడకముందే ఇంట్లో లైట్లన్నీ వేయండి. మధ్యాహ్నం నిద్ర తగ్గించండి, సాయంత్రం టీ మానిపించండి. ఆమె బయలుదేరితే వాదించవద్దు, ‘ఈ రోజు ఏ వార్డు అమ్మమ్మా?’ అని అడిగి పక్కన కూర్చోండి. నాలుగు మాటలు చెప్పుకునేసరికి చాలాసార్లు ఆ తొందర తగ్గుతుంది. తలుపు పైన ఒక గడియ పెట్టించండి, చేతిసంచిలో చిరునామా, ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంచండి.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఆమె డ్యూటీని ఆపకండి, పగటికి మార్చండి. స్నానం చేశాక ఆ తెల్లచీరే కట్టించండి. ఉతికిన దుప్పట్లు ముందు పెడితే ఆసుపత్రి మంచం మీద పరిచినట్టే మూలలు మడిచి చూపిస్తారు. గాజు సిరంజీలు ఎలా మరిగించేవారో, మశూచి టీకాలు ఎలా వేసేవారో, 1995లో పల్స్ పోలియో మొదలైనప్పుడు చుక్కలు వేయడం విద్యార్థినులకు ఎలా నేర్పారో అడగండి. చెప్పిందే మళ్లీ చెప్పినా వినండి. ఫోన్లో రికార్డు చేసుకోండి. మీకు పాఠం చెబుతున్నంతసేపూ ఆమె టీచరే.

ఉద్యోగం మానేయవద్దు. ఇది నెల రెండు నెలల్లో తేలేది కాదు. మీరు అలిసిపోతే ఆమెకు ఒరిగేదేమీ లేదు. మామయ్యను తప్పుపట్టకండి. తల్లి చేజారిపోతోందన్న భయం ఆయనలో కోపంగా బయటికొస్తోంది. ఆయనా, మీ అత్తయ్యా రాత్రిళ్లు ఎంతసేపు నిద్రపోతున్నారో ఒక్కసారి అడగండి. అమ్మమ్మకు పింఛను వస్తుంది కదా, అందులోంచి రాత్రి కనిపెట్టుకుని ఉండే మనిషిని పెట్టండి. ఆమె సొమ్ము ఆమెకు ఖర్చవడంలో మొహమాటమెందుకు? శని, ఆదివారాలు మీరు వచ్చి కూర్చుంటే వాళ్లిద్దరికీ కాస్త ఊపిరాడుతుంది. అప్పటికీ కుదరక ఆశ్రమమే తప్పదనుకుంటే, రాత్రిపూట లేచి తిరిగేవారిని చూసుకునే సిబ్బంది ఉన్నారో లేదో స్వయంగా వెళ్లి చూశాకే నిర్ణయించండి. వృద్ధుల సహాయవాణి 14567కు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు.