బాత్రూమ్ టైల్స్ పగలగొట్టించే ముందు

ప్రశ్న: మాది ఒంగోలు. పాత ఇంట్లో రెండు బాత్రూములు, వంటగది కొత్తగా చేయించడానికి సామానుతో కలిపి 4,50,000 రూపాయలకు ఒక మేస్త్రీకి గుత్తకిచ్చాం. ఒప్పంద పత్రం లేదు. 3,80,000 ఫోన్‌పేలో ఇచ్చాం. బాత్రూములో నీళ్లు మూలకు నిలుస్తున్నాయి, టైల్స్ డొల్లగా మోగుతున్నాయి, పక్కగది గోడకు చెమ్మ దిగింది. మిగతా 70,000 ఇస్తేనే వస్తానంటున్నాడు. వేరే మేస్త్రీతో పగలగొట్టించి, ఇతని మీద కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ ఇప్పుడే పగలగొట్టించకండి. చెడిన పనే మీ సాక్ష్యం. అది చెత్తకుప్పలో పడ్డాక ఎంత చెప్పినా మీ మాటకు ఎదురు అతని మాటే.

కాగితం లేదని దిగులొద్దు. నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది. ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్‌లో రేటు మాట్లాడుకున్న మెసేజీలు చాలావరకు ఆ లోటు తీరుస్తాయి. ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. వాటి ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63(4) కింద ధ్రువపత్రం జతచేయాలి.

ఇక పరీక్షలు. నానీ ట్రాప్‌కు (నేల మీద నీళ్లు బయటికి పోయే రంధ్రానికి) గుడ్డ కుక్కి అంగుళం ఎత్తు నీళ్లు నింపండి. గోడ మీద పెన్సిలు గీత పెట్టి 48 గంటలు వదిలేయండి. నీటిమట్టం తగ్గిందా, పక్కగోడ చెమ్మ పెరిగిందా చూడండి. తర్వాత గుడ్డ తీసి వీడియో పెట్టండి. చివరి నీళ్లు ఏ మూల నిలిచాయో అక్కడ వాటం (నీళ్లు పోయే వాలు) లేనట్టే. టైల్స్‌ని రూపాయి బిళ్లతో తట్టి, డొల్లగా మోగినవాటి మీద సుద్దముక్కతో గుర్తుపెట్టి లెక్కించండి. విట్రిఫైడ్ టైలు నీళ్లు దాదాపు పీల్చదు, అందుకే దానికి సిమెంటు గట్టిగా పట్టదు. వెనకంతా అడ్హెసివ్ (టైలు జిగురు) పరవకుండా నాలుగు మూలలా సిమెంటు ముద్దలు పెట్టి అతికిస్తే మధ్యలో ఖాళీ మిగులుతుంది. లైసెన్సు ఉన్న సివిల్ ఇంజినీరు చేత రిపోర్టు రాయించండి. 'పని బాగోలేదు' అన్న ఒక్క ముక్క చాలదు. ఏది, ఎందుకు చెడింది, సరిచేయడానికి ఎంతవుతుంది అన్నవి అందులో ఉండాలి.

టైల్ రంగులో చిన్న తేడా, టైల్స్ మధ్య సందు నింపే గ్రౌట్ గీత కాస్త వంకర లాంటివి నోటీసులో రాయండి గానీ కేసు వాటి మీద నిలబెట్టకండి. వాటం లేకపోవడాన్నీ చెమ్మనీ పట్టుకోండి.

ఆ తర్వాత లోపాలన్నీ రాసి, 15 రోజుల్లో సరిచేయమని, చేశాకే 70,000 ఇస్తామని స్పీడ్ పోస్టులో లాయరు నోటీసు పంపండి. అతనికి అవకాశమే ఇవ్వకుండా వేరే మనిషిని పెడితే 'నన్ను రానివ్వలేదు' అంటాడు. చాలా కేసులు బలహీనపడేది ఇక్కడే.

గడువు దాటితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. గుత్తకిచ్చారు కాబట్టి ఇది 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవ. రోజుకూలీకి మనుషుల్ని పెట్టుకుని మీరే దగ్గరుండి చేయించుకుని ఉంటే ఈ దారి కష్టమయ్యేది. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. లోపం బయటపడ్డప్పటి నుంచి రెండేళ్లలో వేయాలి. మేస్త్రీ వేరే జిల్లా వాడైనా, మీరు ఉండే ఒంగోలులోనే వేసుకోవచ్చు. మొత్తం 4,50,000 వెనక్కి అడగకండి, పనికొచ్చే వంటగదిని మీరు వాడుకుంటున్నారు కదా. సరిచేయడానికయ్యే ఖర్చు, నష్టపరిహారం, కోర్టు ఖర్చులు అడగండి.

పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడం దండగ. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపగలిగితే తప్ప, నాసిరకం పని చీటింగ్ కేసు కాదు.

చెమ్మ ముదిరి ఆగలేని పరిస్థితి వస్తే, ఏ రోజు పగలగొట్టిస్తున్నారో అతనికి ముందుగా రాసి తెలియజేయండి. ఇంజినీరును దగ్గరుంచుకుని, ఊడిన ప్రతి టైలునూ వెనక్కి తిప్పి ఫొటో తీయించండి. సిమెంటు ముద్దలు అంటుకున్న నాలుగైదు టైల్స్ సంచిలో కట్టి అటక మీద దాచండి. కొత్త మేస్త్రీ దగ్గర సంతకంతో బిల్లు తీసుకోండి.