ఆ 192 అంకె ఇప్పుడెక్కడుంది?

ప్రశ్న: ఇంట్లో హెడ్‌ఫోన్‌తో కచేరీలు వినడానికి ఆన్‌లైన్‌లో 46 వేల రూపాయలకు ఇంటర్నెట్‌లోని సంగీతాన్ని వినిపించే స్ట్రీమర్ అనే పరికరం కొన్నాను. నాన్నగారి పదవీ విరమణకు కానుకగా ఇద్దామని కూడబెట్టిన డబ్బది. బ్లూటూత్‌లో 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ నాణ్యత ఏ నష్టమూ లేకుండా వస్తుందని అమ్మకం పేజీలో ఉంది. రావడం లేదు. మాన్యువల్‌లో ఎల్‌డీఏసీ అని, అంటే బ్లూటూత్‌లో ధ్వనిని కుదించి పంపే ఒక పద్ధతి పేరు మాత్రమే ఉంది. ల్యాప్‌టాప్‌కు కలిపితే గుయ్‌మని మోత, ఛార్జర్ తీస్తే పోతుంది. వస్తువు అంది 21 నెలలైంది. ఎన్ని మెయిళ్లు రాసినా ‘పరిశీలిస్తున్నాం’ అనే జవాబే. ఇప్పుడు ఆ పేజీలో 192 మాయమైంది. డబ్బా పాత కాగితాలతో పోయింది. ఈ లావాదేవీ నేను చేయలేదని బ్యాంకుకు రాస్తే డబ్బు వెనక్కి వస్తుందని స్నేహితుడు అంటున్నాడు. రాయమంటారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రాయకండి. మీరే చేసిన లావాదేవీని చేయలేదనడం అబద్ధపు ఫిర్యాదు. ‘నేను కొన్న వస్తువు’ అంటూ ఇన్నాళ్లూ మీరు పంపిన మెయిళ్లన్నీ అమ్మకందారు దగ్గర భద్రంగా ఉన్నాయి. బ్యాంకు అడిగిన రోజు వాటినే ముందు పెడతారు. ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. సలహా ఇచ్చిన స్నేహితుడు మీ వెంట వాయిదాలకు రాడు.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రెండేళ్లలోగా దాఖలు చేయాలి. వస్తువు అందిన రోజే లెక్క మొదలైందనుకోండి. మెయిళ్లు నడిచినంత మాత్రాన గడువు పెరగదు. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది కానీ, జవాబు కోసం ఎదురుచూశాననే కారణాన్ని నేనైతే నమ్ముకోను. మీకు మిగిలింది మూడు నెలలే. అయినా, గొడవ నడుస్తుండగా డబ్బాను పారేయడమేమిటండీ? దాని మీద ఆ అంకె అచ్చయి ఉంటే అమ్మకందారు చెరపలేని సాక్ష్యం అయ్యేది.

మోత సంగతి వదిలేయండి. ఛార్జర్ తీస్తే పోతుందని మీరే రాశారు. అది ఎర్తింగ్ తేడా వల్ల వచ్చే మోతేనని, స్ట్రీమర్‌లో దోషం లేదని అవతలి న్యాయవాది తొలి వాయిదాలోనే అంటారు. కాదని నిరూపించాలంటే 38వ సెక్షన్ కింద వస్తువుకు సీలు వేసి ప్రయోగశాలకు పంపాలి. ఆ రుసుము ముందుగా కట్టాల్సింది మీరే.

కేసును తేల్చేది 192. రెండు ఛానళ్లలో 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 9,216 కిలోబిట్లు. నష్టం లేకుండా కుదించినా సాధారణంగా వేలల్లోనే ఉంటుంది. ఎల్‌డీఏసీ మోయగలిగేది గరిష్ఠంగా 990 కిలోబిట్లే. మామూలు సీడీకే 1,411 కావాలి. అంటే ఆ ప్రకటన అబద్ధమని వారి మాన్యువలే చెబుతోంది. లేని నాణ్యత ఉందని చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. చెవికి తేడా తెలిసిందా లేదా అనే చర్చలోకి మాత్రం దిగకండి, అది ఎప్పటికీ తేలదు.

వారు 192 అన్నారని మీరు చూపాలి. ఆర్డరు మెయిల్ వెతకండి. ఫోనులో పాత స్క్రీన్‌షాట్ ఉంటే కత్తిరించకుండా అలాగే ఉంచి, భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ కోరే ఎలక్ట్రానిక్ సాక్ష్యపు ధ్రువపత్రంతో దాఖలు చేయండి. మీ తొలి మెయిళ్లలో ఆ వాక్యాన్ని ఎత్తి రాశారా? రాసి ఉంటే, ‘మేమలా చెప్పలేదు’ అని వారు ఒక్కసారి కూడా ఖండించకపోవడం మీకు బాగా పనికొస్తుంది. స్ట్రీమర్ మరలు ఎవరి చేతా విప్పించకండి.

15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు కాబట్టి 16వ రోజు జవాబు కోసం చూడవద్దు. అమ్మకందారు ఏ ఊళ్లో ఉన్నా 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే గుంటూరు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. ఈ మొత్తానికి రుసుము లేదు. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేసి మీరే వాదించుకోవచ్చు. వస్తువు వెనక్కి తీసుకుని ధరను వడ్డీతో, ఖర్చులతో ఇప్పించమని కోరండి. నాన్నగారి ప్రస్తావన ఒక వాక్యం దాటనివ్వకండి. అమ్మకం జరిగిన వెబ్‌సైటును కూడా ప్రతివాదిగా చేర్చి, మీరు కొన్న నాటి పేజీ నకలు దాఖలు చేసేలా ఆదేశించమని కమిషన్‌ను అడగండి.