సీఏ నివేదిక చేతిలో ఉంటే దావా గెలిచినట్టేనా?

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లో మిత్రుడితో కలిసి రిజిస్టరు చేయించని మిర్చి అడ్తి (కమీషన్ వ్యాపారం) దుకాణం నడిపాను. భాగస్వామ్యానికి గడువేదీ రాసుకోలేదు. లెక్కలన్నీ ఆయనకే వదిలేస్తే నిలువునా ముంచాడు. 2023 సెప్టెంబరులో రిజిస్టరు పోస్టులో రద్దు నోటీసు పంపాను. నాకు 38 లక్షలు రావాలని సీఏ అయిన మా మేనల్లుడు నివేదిక ఇచ్చాడు. రెండేళ్ల ఆవర్జా (ఖాతాల పుస్తకం) దొరకడం లేదు, తిరిగి రాయించవచ్చా? పెద్దమనుషులు ఆగమంటున్నారు.
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మిత్రుడి ద్రోహాన్ని వివరంగా రాసిన మీరు, నోటీసు ఆయనకు ఏ రోజు అందిందో మాత్రం రాయలేదు. మీలా గడువు రాసుకోని భాగస్వామ్యంలో, నోటీసులో రద్దు తేదీ లేకపోతే, భాగస్వామ్య చట్టం సెక్షన్ 43 ప్రకారం అది అందిన నాడే సంస్థ రద్దవుతుంది; ఆనాటి నుంచి 3 ఏళ్లలోపే లెక్కల దావా వేయాలని 1963 కాలపరిమితి చట్టం ఆర్టికల్ 5 చెబుతోంది. పెద్దమనుషుల పంచాయతీ ఆ గడువును ఒక్క రోజు కూడా ఆపదు. పోస్టు రశీదు, అందినట్టు సంతకమున్న కార్డు దాచుకోకపోయి ఉంటే అది క్షమించరాని అజాగ్రత్త.

సీఏ నివేదిక ఒక అభిప్రాయం మాత్రమే. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 39 నిపుణుడి అభిప్రాయాన్ని అనుమతిస్తుంది గాని, ఆయన బోనెక్కి, ఏ పద్దు నుంచి ఏ అంకె తీశాడో చెప్పి, క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడాలి. మేనల్లుడు సాక్షిగా పనికిరాడని కాదు, ఆయన మాటకు విలువ తగ్గుతుంది. పైగా, క్రమం తప్పకుండా రాసిన ఖాతా పుస్తకాలైనా వాటంతట అవే ఎవరి మీదా బాకీ మోపలేవని సెక్షన్ 28 అంటోంది. పుస్తకాలకే ఆ పరిమితి ఉంటే, వాటిలో సగం చూడకుండా రాసిన నివేదిక ఎంత నిలుస్తుంది?

పోయిన ఆవర్జాను తిరిగి రాయించే ఆలోచన ఇప్పుడే మానుకోండి. అది కోర్టు కోసం దొంగ సాక్ష్యం సృష్టించడమే. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద 7 ఏళ్ల వరకు జైలు పడవచ్చు, నివేదికపై సంతకం పెట్టిన మేనల్లుడి వృత్తికీ ముప్పే.

దుకాణం రిజిస్టరు కాకపోయినా, రద్దయిన సంస్థ లెక్కల దావాకు భాగస్వామ్య చట్టం సెక్షన్ 69 అడ్డు కాదు. గడువులోపు వరంగల్ ప్రాంత సివిల్ కోర్టులో ప్రాథమిక డిక్రీ (వాటాలు తేల్చి, లెక్కలు తీయమనే తొలి తీర్పు) కోరుతూ దావా వేసి, పుస్తకాలు ఆయన చేతిలోనే ఉన్నాయి కాబట్టి వాటిని హాజరుపరచాలని అర్జీ పెట్టండి. తక్‌పట్టీలు (సరుకు అమ్మకానికి అడ్తిదారు రైతుకిచ్చే రశీదులు), బ్యాంకు ఖాతా వివరాలు, మార్కెట్ కమిటీ రికార్డులు తెప్పించమని అడగండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 11 కింద లెక్కలు చూడటానికి కోర్టే కమిషనర్‌ను నియమించగలదు; మీకు సంబంధం లేని సీఏను నియమించమని కోరండి, మేనల్లుడి నివేదిక ఆయనకు ఏ పద్దులు వెతకాలో చూపడానికి పనికొస్తుంది.