టెక్ సందేహాలు: యాప్ తప్పు చూపిస్తోందా?

ప్రశ్న: విమానాల రాకపోకలు చూపే యాప్ వాడుతున్నాను. మా రేణిగుంట నుంచి ఒకే రకం విమానం ఒక రోజు గంటకు 225 కిలోమీటర్ల వేగంతోనే నేలను వదులుతోంది, మరో రోజు 250 దాకా పరిగెత్తుతోంది. యాప్‌లో లోపమా?
- డిగ్రీ విద్యార్థి, రేణిగుంట

జవాబు: లోపం లేదు. విమానం తన వివరాలను తానే ప్రసారం చేసే ఏడీఎస్-బీ అనే రేడియో సంకేతాల ద్వారా పంపేది నేల మీద తన వేగం. రెక్కకు దానితో పని లేదు, తన మీదుగా గాలి ఎంత జోరుగా పారుతోందన్నదే దానికి ముఖ్యం. లేవడానికి 250 కావలసిన విమానానికి ఎదురుగాలి 25 ఉంటే, నేల మీద 225 చాలు.

వేగం తగ్గింది పదో వంతే. పరుగు మాత్రం సుమారు 19 శాతం తగ్గుతుంది, ఎందుకంటే దూరం వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది. 0.9ను 0.9తో గుణిస్తే 0.81. గాలి లేనప్పుడు 1500 మీటర్లు పరిగెత్తే విమానానికి 1215 సరిపోతాయి. అదే గాలి వెనుక నుంచి వీస్తే 1815 కావాలి. అందుకే చాలా జెట్ విమానాలు 10 నాట్లకు (గంటకు సుమారు 18.5 కిలోమీటర్లు) మించిన వెనుకగాలితో బయలుదేరవు. నియమం ఇంకా జాగ్రత్తైనది: లెక్కలో ఎదురుగాలిని సగానికి మించి కలుపుకోకూడదు, వెనుకగాలిని కనీసం ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి. గాలి ఉన్నట్టుండి మారినా రన్‌వే చాలాలి కదా! విమానయానంలో నాకు ఎంతో గౌరవం కలిగించే నియమం ఇది.

మీరే సరిచూసుకోవచ్చు. మీ రన్‌వే పేరు తూర్పుకు 08, పడమరకు 26; ఇవి దిశను పదేసి డిగ్రీల్లో చెప్పే అంకెలు. మెటార్ వాతావరణ నివేదికలో 27012కేటీ అని ఉంటే 270 డిగ్రీల నుంచి, అంటే పడమటి నుంచి, 12 నాట్ల గాలి అని అర్థం. ఆ రోజు 26 దిశలో, అంటే ఎదురుగాలిలో, లేచే విమానం వేగాన్ని గమనించండి.

ప్రశ్న: కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్‌లో గాలి సున్నా పెట్టినా, ఒకే రన్‌వే మీద రెండు వైపులా పరుగు దూరం వేరుగా వస్తోంది.
- చిత్తూరు పాఠకుడు

జవాబు: రెండుసార్లూ బరువు, ఫ్లాప్‌లు (రెక్కల వెనుక అంచున కిందికి వంచే పలకలు) ఒకేలా ఉంటే అది వాలు ప్రభావమే. 1 శాతం ఎగువ వాలులో 70 టన్నుల విమానాన్ని 700 కిలోల బరువు వెనక్కు లాగుతున్నట్లే. జెట్‌కు దీనివల్ల పరుగు సుమారు 5 శాతం పెరుగుతుంది, ఇంజిన్ బలం తక్కువైన చిన్న విమానానికి ఇంకా ఎక్కువ. పెద్ద రన్‌వేల సగటు వాలు 1 శాతం మించకూడదు కాబట్టి అక్కడ గాలిదే పైచేయి. తేడా స్పష్టంగా తెలియాలంటే నేపాల్‌లోని లుక్లాను ఎంచుకోండి. 527 మీటర్ల రన్‌వే, దాదాపు 12 శాతం వాలు. అక్కడ దిగేది ఎగువకు, లేచేది దిగువకే.