శెనక్కాయ బూజుకి పేరు రాసే ముందు

అమ్మీ,

మీ నాయన ఫోన్‌లో చెప్పినాడు, నీకు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మన అనంతపురం శెనక్కాయల్లో పట్టే బూజు మీద టాపిక్ ఇచ్చినారంట, నువ్వు అప్పుడే బూజు పెంచే ఇరవై ప్లేట్ల మీద ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అని మార్కర్‌తో రాసేసినావంట. ఆ పేర్లు తుడిచెయ్ తల్లీ. నంబర్ రాయి, యాడ కాయ, ఏ రోజు తీసినావు, అంతే. పేరు చివర్న వస్తాది.

ఎందుకు చెప్తాండానంటే ల్యాబ్‌లో చేరిన కొత్తలో నేనూ పచ్చగా కనపడినదాన్నంతా ఫ్లేవస్ కిందే రిజిస్టర్‌లో ఎక్కించినా. రెండేళ్ల తర్వాత పాత ట్యూబులు తీసి మళ్లీ పెంచి చూస్తే కొన్నిట్లో రంగు ఇంకా ముదురు పచ్చ, స్పోర్ల (బూజుకి విత్తనాల్లాంటివి) మీద గరుకు బాగా తెలుస్తా ఉంది, అవి ఫ్లేవస్‌కి దగ్గర చుట్టమైన పారాసిటికస్. ఫ్లేవస్ మామూలుగా బి రకం అఫ్లాటాక్సిన్లే, అంటే ఈ బూజు విషాలే, చేస్తాది, పారాసిటికస్ బి తో పాటు జి రకం కూడా చేస్తాది. పేరు తప్పితే విషం లెక్క కూడా తప్పినట్టే కదా, రెండేళ్ల రిజిస్టరంతా కూర్చోని తిరగరాసినా.

ముందు జీనస్‌ని, అంటే పేరులో మొదటి ముక్క చెప్పే గుంపుని, కంటితో పట్టుకో. 1729లో ఇటలీలో మికేలి అనే ఆయన దీన్ని చూసి, చర్చిలో పవిత్ర జలం చల్లే సాధనం మాదిరి ఉందని ఆస్పర్జిల్లస్ అని పేరు పెట్టినాడు. మైక్రోస్కోప్ కింద నువ్వే చూడు, నిలువుగా ఒక కాడ, దాని మీద బుడగ మాదిరి ఉబ్బిన తల, తల చుట్టూ చిన్న చిన్న సీసాల్లాంటి కణాలు, వాటి మూతుల్లోనుంచి స్పోర్లు దండ గుచ్చినట్టు వరసగా బయటికొస్తాంటాయి. కాడ అడుగుకి కూడా దిగి చూడు, అక్కడ పాదం మాదిరి ఒక కణం ఉంటాది, ఫుట్ సెల్ అంటారు. చానా మంది తల చూసి ఆగిపోతారు, అడుగు చూడరు.

స్పీషీస్‌కి, అంటే పేరులో రెండో ముక్కకి, తొందర పడొద్దు. ఒక్క స్పోర్ నుంచి పెంచిన శుద్ధమైన కల్చర్ ఉండాల, సీవైఏ, ఎంఈఏ అనే రెండు మీడియాల్లో (బూజు పెంచే మేతలు) 25 డిగ్రీల్లో 7 రోజులు పెట్టి రంగు, సైజు, వెనక వైపు రంగు రాసుకో. సీసా కణాలు ఒక వరసా రెండు వరసలా అనేది చూడు, పారాసిటికస్‌లో ఎక్కువగా ఒకే వరస, ఫ్లేవస్‌లో రెండు రకాలూ కనపడతాయి. డీఎన్‌ఏ చేయిస్తే ఐటీఎస్ అనే డీఎన్‌ఏ ముక్క ఒక్కటి చాలదు, దగ్గర చుట్టాల్ని అది విడదీయలేదు, క్యాల్మోడ్యులిన్ జీన్ కూడా అడుగు.

పాత పుస్తకాల్లో యూరోషియం, ఎమెరిసెల్లా, నియోసార్టోర్యా అని చదివి గాబరా పడొద్దు. ఒకే ఫంగస్‌కి మామూలు దశకి ఒక పేరు, లైంగిక దశకి ఇంకో పేరు ఉండేది. 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన వృక్షశాస్త్రుల మహాసభలో ఒక ఫంగస్‌కి ఒకటే పేరు అని తేల్చినారు, అవన్నీ ఇప్పుడు ఆస్పర్జిల్లస్‌లోనే కలిపేసినారు. 1965లో రేపర్, ఫెన్నెల్ అనే శాస్త్రవేత్తల లెక్కలో 132 స్పీషీస్ ఉంటే 2014 లిస్టులో 339. అందుకని థీసిస్‌లో ఏ లిస్టు ప్రకారం రాస్తాండావో కూడా చెప్పాల. ఫ్లేవస్ పక్కన లింక్ అని ఉంటాది చూడు, 1809లో ఆ పేరిచ్చిన జర్మనీ ఆయన, దాన్ని వదిలెయ్యొద్దు.

1960లో ఇంగ్లాండులో లక్షకి పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినాయి, వాటి మేతలో శెనక్కాయ చెక్క ఉండె, అందులో దొరికిన విషానికే ఆ బూజు పేర్లో ముక్కలు తీసుకోని అఫ్లాటాక్సిన్ అన్నారు. మన దగ్గర కాయ ఊరే టైములో వాన మొహం చాటేసి నేల కాగిపోతే ఈ బూజు ఎక్కువ పడతాది, కాబట్టి చేను నుంచి కాయ తెచ్చేటప్పుడు కడపటి వాన ఎప్పుడు పడిందో రైతుని అడిగి నంబర్ పక్కనే రాసుకో.

ఆదివారం ఇంటికి రా, కొబ్బరి పాలతో మీడియా చేసే పద్ధతి చూపిస్తా, విషం చేసే రకమైతే యూవీ లైటు కింద ప్లేటు వెనకాల నీలంగా మెరుస్తాది. కళ్లద్దాలు తెచ్చుకో, ఆ లైటు ఉత్త కళ్లతో చూడకూడదు. ప్లేట్లు టేపుతో గట్టిగా మూసి తీసుకురా.

మీ పెద్దనాయన