డవ్‌టెయిల్ కోస్తున్న అల్లుడికి

రాయగడ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు మిల్లింగ్ మెషిన్ మీద కోసి పంపిన డవ్‌టెయిల్ ఫొటోలు చూశాను. అదే, పావురం తోకలా లోపలికి వెడల్పయ్యే వాలు గోడల గాడి, అందులో జారే స్లైడు. పని శుభ్రంగానే ఉంది కానీ తొందర కనబడుతోంది. ఒక పక్క కోసి, ముక్క విప్పి తిప్పి బిగించి రెండో పక్క కోశావు కదూ? అందుకే స్లైడు ఒక చివర పట్టేస్తోంది, ఇంకో చివర గలగలమంటోంది. రెండు పక్కలూ ఒకే బిగింపులో కోయాలి. మధ్యలో కరెంటు పోయినా సరే, ముక్క టేబుల్ మీంచి కదలకూడదు.

ఈసారి బ్రైట్ బార్ వద్దు, అదే, చల్లగానే సాగదీసిన ఉక్కు కడ్డీ. ఒక వైపు పొర తీయగానే లోపలి బిగువు సడలి వంగిపోతుంది. పాత ఇనుము కొట్లో విరిగిన మెషిన్ బెడ్డు ముక్క దొరుకుతుందేమో చూడు. పాత బీడు (పోత ఇనుము) అంత నమ్మకమైంది ఇంకోటి లేదు.

ముందు మామూలు ఎండ్ మిల్‌తో (నిలువు పక్కల కట్టర్) గాడి తీసేయ్. డవ్‌టెయిల్ కట్టర్‌కి పక్క వాలు మాత్రమే మిగలాలి. దాని పళ్ళ కొనలు సున్నితం, స్పీడు సగానికి దించు. కట్టర్ తిరిగే దిశకి ఎదురుగానే ముక్కని నడుపు. అది తిరిగే వైపే నడిపావో, టేబుల్ స్క్రూలో ఉన్న లూజంతా లాగేసుకుని పన్ను విరుగుతుంది. టేబుల్‌ని ఏ వైపు కదపనక్కర్లేదో ఆ లాకులన్నీ బిగించు.

ఇక కొలత. మీ పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు చెక్కేవాళ్ళు కంటితోనే తేల్చేస్తారు, మనకి ఆ భాగ్యం లేదు. అలాగని పదును మూలని వెర్నియర్‌తో పట్టుకోకు, అక్కడ బర్ (కోతలో మిగిలిన ఇనుప ముళ్ళు) ఉంటుంది. రెండు మూలల్లో రెండు 6 ఎం.ఎం. డోవెల్ పిన్నులు (గుండ్రటి నునుపు ఉక్కు పుల్లలు) పెట్టి వాటి మీద కొలవాలి. కోణం 60 డిగ్రీలైతే పిన్ను వ్యాసాన్ని 2.732తో గుణించి మగ ముక్క (గాడిలో దూరేది) మెడ వెడల్పుకి, అంటే దాని ఇరుకు చోటుకి, కలుపు. 6 పిన్నుకి అది 16.39. మెడ 30 అయితే పిన్నుల మీద 46.39 రావాలి. గాడి ఉన్న ఆడ ముక్కకి, గాడి అడుగు వెడల్పులోంచి అదే 16.39 తీసేస్తే పిన్నుల మధ్య దూరం వస్తుంది. పిన్ను వాలు గోడని 4.5 ఎత్తులో తాకుతుంది. గోడ అంతకన్నా పొట్టిదైతే ఇంకా సన్న పిన్ను వాడు.

ఆ అడుగు వెడల్పులో జిబ్‌కి (లూజు తీసేందుకు వాలు పక్కన దూర్చే పల్చటి పట్టీ) చోటు ముందే కలిపి ఉంచాలి. నేను బోల్తా పడింది ఇక్కడే. 4 ఎం.ఎం. జిబ్ కదా అని 4 ఎం.ఎం. చోటే వదిలాను. అది వాలుగా కూర్చుంటుంది కాబట్టి అడ్డంగా 4.62 కావాలి. జిబ్ దూరలేదు. రాత్రంతా ఫైలుతో రాశాను, జిబ్ పల్చబడింది, అదీ వంకరగా. ఆ చప్పుడు గురించి మీ అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది.

మగ ముక్క పదును అంచులు కాస్త చంపు. లేకపోతే గాడి మూలలో అవే ముందు తగులుతాయి. దాని నెత్తి కూడా గాడి అడుగుకి తాకకుండా అర మిల్లీమీటరు వదులు, బరువంతా మెడ పక్కనున్న చదును భుజాలే మొయ్యాలి. తర్వాత ప్రష్యన్ బ్లూ (ఎక్కడ తగులుతోందో చూపే నీలం రంగు) పల్చగా రాసి, రంగు అంటిన చోటల్లా స్క్రేపర్‌తో కొంచెం కొంచెం తియ్యి. ఇది ఒక్క సాయంత్రంలో అయ్యే పని కాదు.

నా దగ్గర పిన్నులు రెండు జతలున్నాయి. దసరాకి మీ అత్తయ్య అక్కడికి వస్తోంది, ఆవిడ చేత ఒక జత పంపుతాను. అందాకా కొత్త ముక్క ముట్టుకోకు.

మీ మామయ్య